నారుతో కలిసొచ్చే గడ్డి: ఊదనా, ఒడిపిలా, ఇంకోటా?

హాలియా_ఆయకట్టు
నాటు పడి 27 రోజులు. వరి దుబ్బుల నడుమ, అదే వరసల, వరి లెక్కనే ఒక గడ్డి లేచింది. నారుకట్టలోనే కలిసి వచ్చిందని అనుమానం. ఒకరు ఊద అంటరు, ఒకరు ఒడిపిలి అంటరు. 18వ రోజు బిస్పైరిబాక్ అనే కలుపు మందు కొట్టినం. సగం గడ్డి పసుపుబడి చచ్చింది, సగం ఏం గాలే, పచ్చగనే ఉంది. ఒకటే గడ్డి అయితే ఒకటే మందుకు రెండు తీర్లు ఎందుకైతది? అసలు ఈ ఊద జాతిల ఎన్ని రకాలున్నయి, మన దిక్కు ఏవి ఉంటయి, కంకి రాకముందే ఎట్ల గుర్తుపట్టాలె? పేరు ఖాయం కాకుండ ఇంకో మందు కొట్టేది లేదు.

గడ్డిపోచ
ముందు ఆకు మెడ చూడండి. కాండాన్ని చుట్టుకున్న ఒర ముగిసి, ఆకు బద్ద మొదలయ్యే చోటే మెడ. బద్దను వేలితో వెనక్కి వంచితే లోపలి వైపు కనబడుతుంది. వరికి అక్కడ రెండుంటాయి. ఒకటి నాలిక: తెల్లటి పల్చని పొర, పొడుగ్గా, కొన రెండుగా చీలి ఉంటుంది. రెండోది చెవులు: కొడవలిలా వంగి, నూగుతో, మెడకు అటొకటి ఇటొకటి. ఊదకు నాలికా లేదు, చెవులూ లేవు. నున్నటి మెడ మీద లేత రంగు పట్టీ ఒక్కటే. గడ్డి కుటుంబంలో నాలిక అసలే లేని మొక్కలు చాలా తక్కువ. అందుకే ఈ గుర్తుకు అంత బలం.

పచ్చగా మిగిలిన సగంలో నాలుగైదు మొక్కలు పీకి, మెడలో ఏముందో ఇక్కడ రాయండి. చచ్చినవీ బతికినవీ ఒకటే గడ్డి అని నాకు అనిపించడం లేదు.

భూతద్దం10
ఏ ఆకు చూడాలో కూడా చెప్పాలి. అడుగు ఆకులు వద్దు. వరిలో ముదిరిన ఆకుల చెవులు రాలిపోతాయి, అప్పుడు వరిని కూడా ఊద అనుకుంటారు. పైనుంచి రెండోది, పూర్తిగా విచ్చుకున్న ఆకు తీసుకోవాలి. ఎండకు అడ్డంగా పట్టి, 10 రెట్ల భూతద్దంతో చూస్తే అనుమానం మిగలదు. అద్దం లేకపోతే ఫోన్ కెమెరా ముందు చిన్న కటకం పెట్టినా సరిపోతుంది.

నారుమడి
మడిలో దిగినోళ్లు అద్దం పట్టుకుని కూసోరు కదా. చేతికి తెలిసే గుర్తులు ఇవి: ఊద మొదలు కొద్దిగ చదునుగ, చాలా మొక్కలల్ల ఎర్రబారి ఉంటది. వరి మొదలు గుండ్రం. ఊద ఆకు నడిమి ఈనె తెల్లగ, స్పష్టంగ కనబడతది. వరి ఆకును కొన నుంచి కిందికి నిమిరితే గరుకు, ఊద మెత్తన.

కంకిచూపు
ఎరుపును నమ్మొద్దు. ఒకే కంకి గింజల నుంచి ఎర్ర మొదలువీ, ఆకుపచ్చ మొదలువీ వస్తాయి. చదును మొదలు, తెల్ల ఈనె పర్వాలేదు కానీ అవి ఆసరా గుర్తులే. తీర్పు నాలికదే.

పాలమూరు_చెలక
పేర్ల గొడవ సంగతేంది? మా దిక్కు చెలకల్ల మొలిచేదాన్ని, మడిల మొలిచేదాన్ని రెండిటినీ ఊద అనే అంటరు. కొందరు ఊదర అంటరు. దుకాణంల అమ్మే ఊదల బియ్యం కూడా ఇదేనా మరి?

కంకిచూపు
మూడూ ఒకే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు), మూడూ వేర్వేరు జాతులు. కొంచెం పొడుగు చెప్పాలి.

ప్రజాతి పేరు ఎఖైనోక్లోవా. 1812లో పాలిసో ద బోవ్వా అనే ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త పెట్టాడు. గ్రీకులో ఎఖినోస్ అంటే ముళ్లపంది, ఖ్లోవా అంటే గడ్డి. కంకి మీద బిరుసు వెంట్రుకలు, మీసాలు (పొట్టు కొన నుంచి పొడుచుకొచ్చే పోగులు) చూసి పెట్టిన పేరు. లెక్క ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉన్నా ప్రపంచంలో 30 నుంచి 40 జాతులు ఉంటాయి. చాలావరకు ఏకవార్షికాలు. పొలంలో మనకు తగిలేవి రెండు.

మొదటిది ఎఖైనోక్లోవా కొలోనా, పుస్తకాల్లో ఒడిపిలి అని రాసేది ఎక్కువగా దీన్నే. పొట్టి మొక్క, మొదట నేలబారుగా పరుచుకుని తర్వాత లేస్తుంది. కంకి సన్నగా ఉంటుంది, కొమ్మలు 1 నుంచి 3 సెంటీమీటర్లే, ఒకదానికొకటి ఎడంగా, కాడకు అతుక్కున్నట్టు ఉంటాయి. చిరుకంకులు (గింజ కట్టే చిన్న పొట్టు గుత్తులు) 2 నుంచి 3 మిల్లీమీటర్లు, మీసం లేదు, ఒక్కో కొమ్మ మీద నాలుగు వరసల్లో పేర్చినట్టు కూర్చుంటాయి. ఆ నాలుగు వరసలు చూస్తే ఇక మరిచిపోరు.

రెండోది ఎఖైనోక్లోవా క్రస్‌గల్లి, మడిలోని అసలు ఊద. నిటారుగా, వరి అంత ఎత్తు, ఒక్కోసారి వరిని దాటి లేస్తుంది. కంకి పెద్దది, కింది కొమ్మలకు పిల్ల కొమ్మలు కూడా వస్తాయి. చిరుకంకి 3 నుంచి 4 మిల్లీమీటర్లు, మీద బిరుసు వెంట్రుకలు, ఒక్కో వెంట్రుక మొదట్లో చిన్న బొడిపె. మీసం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. క్రస్ గల్లి అంటే లాటిన్‌లో కోడికాలు.

మూడోది పంట ఊద, ఎఖైనోక్లోవా ఫ్రుమెంటేసియా. దాని గురించి విడిగా రాస్తాను.

మూసీ_ఒడ్డు
మీసం ఉంటే క్రస్‌గల్లి, లేకుంటే కొలోనా అని నేర్చుకున్న. అది తప్పా?

కంకిచూపు
సగం తప్పు. మీసం ఉంటే కొలోనా కాదు, అంతవరకు సరే. మీసం లేనంత మాత్రాన కొలోనా అనడానికి లేదు. క్రస్‌గల్లి ఒకే మడిలో 3 సెంటీమీటర్ల మీసంతో ఒక మొక్క, అసలు మీసమే లేని మొక్క ఇంకోటి పక్కపక్కనే ఉంటాయి. చిరుకంకి పొడవు కొలవండి, కొమ్మల మీద వరసలు చూడండి, పిల్ల కొమ్మలు ఉన్నాయో లేదో చూడండి. మూడూ కలిపి తేల్చాలి. మీసం ఒక్కదాన్ని పట్టుకుని పేరు పెట్టడం వల్లనే మన జిల్లాల కలుపు జాబితాల్లో ఈ రెండూ అటూఇటూ అవుతున్నాయి.

డిండి_వాగు
ఆకు మీద అడ్డంగ ఊదారంగు పట్టీలు ఉండే గడ్డి సంగతి? వాగు ఒడ్డున చాలా ఉంటది. వేరే జాతి అనుకున్న.

గడ్డిపోచ
అది కొలోనాయే. కొన్ని మొక్కలకు ఆకు మీద అట్లా అడ్డ పట్టీలు వస్తాయి. పాతకాలంలో దానికి వేరే పేరు పెట్టారు కానీ ఇప్పుడు విడి జాతిగా లెక్కించరు. కంకి చూడండి, అదే నాలుగు వరసలు ఉంటాయి.

ఎర్రమన్ను
కొలోనమా, కొలోనానా? రెండు రకాలుగా చదివిన.

కంకిచూపు
ఒకటే మొక్క. లిన్నేయస్ 1759లో పానికమ్ కొలోనమ్ అన్నాడు. 1833లో లింక్ దాన్ని ఎఖైనోక్లోవాలోకి తెచ్చాడు. ఎఖైనోక్లోవా స్త్రీలింగం కాబట్టి కొలోనా అయింది. పాత జాబితాల్లో కొలోనమ్ కనబడితే వేరే గడ్డి అనుకోవద్దు.

జూరాల_కుడికాలువ
ఏది ఎక్కడుంటుందో కూడా చెప్పుకుందాం. గుర్తుపట్టడంలో సగం పని నేలే చేసి పెడుతుంది. కొలోనాకు తడి చాలు, నిలువ నీరు అక్కర్లేదు. తొలకరి తర్వాత ఎర్ర చెలకల్లో, పత్తి సాళ్ల మధ్య, కందిలో, మడి ఒడ్ల మీద, రోడ్డు పక్క గుంతల్లో, బోరు నీళ్లు కారే చోట మొలుస్తుంది. నీళ్లు నిలిపితే దాని మొలక దెబ్బతింటుంది. క్రస్‌గల్లి అట్లా కాదు, దాని గింజ గాలి అందని బురదలో కూడా మొలకెత్తగలదు. అందుకే సాగర్ ఎడమ కాలువ కింద, మూసీ కింద, జూరాల కింద ఏటా దమ్ము చేసే మడుల్లో అది పాతుకుపోతుంది. ఒడ్డు మీద కొలోనా, ఒడ్డు దిగితే క్రస్‌గల్లి. మడి ఒడ్డు మీద నిలబడి అటూ ఇటూ చూస్తే రెండు జాతులూ కనబడతాయి.

పాలమూరు_చెలక
అట్ల గీత గీసినట్టు ఉండదు. పొడి దుక్కిల వెదజల్లిన వరిల కొలోనానే ముందు వస్తది, అదీ మడి మధ్యల.

జూరాల_కుడికాలువ
నిజమే, వెదవరిని లెక్కలోకి తీసుకోలేదు. నీళ్లు నిలపకముందు మూడు వారాలు నేల తడి మీదనే ఉంటుంది కాబట్టి అక్కడ కొలోనాదే రాజ్యం. నీళ్లు నిలిపాక క్రస్‌గల్లి వంతు. నాటు నుంచి వెదకు మారిన మడుల్లో కలుపు వరస మారేది దీనివల్లే.

గడ్డిపోచ
ప్రపంచం లెక్కన చూసినా అదే తేడా. క్రస్‌గల్లిది యూరప్, ఆసియా ఖండాల వెచ్చని, సమశీతోష్ణ ప్రాంతాల పుట్టుక. ఇప్పుడు ఉత్తరాన 50 డిగ్రీల అక్షాంశం నుంచి దక్షిణాన 40 డిగ్రీల దాకా ఉంది. కొలోనా ఉష్ణమండలం మొక్క, చలి ఎక్కువైతే నిలవదు. రెండూ కలిసేది మనలాంటి చోటే. 1977లో ప్రపంచంలోని చెడ్డ కలుపు మొక్కలకు వరస కట్టినప్పుడు తుంగ, గరిక తర్వాత మూడో స్థానం క్రస్‌గల్లికి, నాలుగోది కొలోనాకు ఇచ్చారు. క్రస్‌గల్లి 61 దేశాల్లో 36 పంటల్లో కలుపుగా అప్పుడే నమోదైంది.

మూసీ_ఒడ్డు
అంత బలం ఎక్కడిది దీనికి? వరికీ దీనికీ యూరియా ఒకటే, నీళ్లు ఒకటే.

భూతద్దం10
ఆకు లోపలి పనితనం వేరు. వరి సీ3 మొక్క, ఊద సీ4. ఎండ ఎక్కువగా, వేడిగా ఉన్నప్పుడు వరి పట్టిన కార్బన్‌లో కొంత కాంతిశ్వాసలో పోగొట్టుకుంటుంది. ఊద ఆకులో ఈనెల చుట్టూ ఉండే కణాల్లోకి కార్బన్ డయాక్సైడ్‌ను తోసి పెట్టే ఏర్పాటు ఉంది, ఆ నష్టం దాదాపు ఉండదు. అదే నీటికి, అదే నత్రజనికి ఎక్కువ మేత తయారు చేసుకుంటుంది. మన యాసంగి ఎండలకు ఈ తేడా ఇంకా పెరుగుతుంది. ఊద ఉన్న మడిలో పైపాటు యూరియా వేస్తే ముందు తినేది ఊదే. కలుపు తీశాకే యూరియా అనేది అందుకే.

నారుమడి
గింజలు కూడా వేలల్ల రాలుస్తది. వరి కోతకు వచ్చేలోపే సగానికి పైగా కింద పడిపోతయి. మిగిలినవి కోత మిషన్‌ల ఎక్కి పక్క ఊరికి పోతయి.

విత్తనపెట్టె
అక్కడే కిటుకు ఉంది. అడవి జాతుల్లో చిరుకంకి పొట్టుతో సహా మొత్తం ఊడి పడిపోతుంది, కాడ మాత్రమే మిగులుతుంది. రాలిన గింజకు కొన్ని నెలల నిద్ర ఉంటుంది, అన్నీ ఒకేసారి మొలవవు. ఒక్కసారి తీసి అయిపోయింది అనుకోవడానికి లేదు. మొలకకు వెలుగు కావాలి, నేల పైపొరలో ఉన్నవే ఎక్కువగా లేస్తాయి. కొలోనా గింజ 6 సెంటీమీటర్ల లోతుకు పోతే పైకి రాదు. దున్నకుండా వదిలిన మడిలో ఊద ఎక్కువయ్యేది అందుకే, గింజ పైనే ఉంటుంది.

వరి విత్తనంలో కలిసిన ఊద గింజను ఉప్పునీటితో తీసేయొచ్చు. తొట్టిలో నీళ్లు పోసి, కోడిగుడ్డు పైకి తేలి పావలా బిళ్లంత కనబడేదాకా ఉప్పు కలపాలి. వడ్లు పోసి గట్టిగా కలియబెట్టి రెండు నిమిషాలు ఆగితే తాలు, ఊద గింజలు పైకి వస్తాయి. తీసి పారబోయకుండా కాల్చేయాలి. కింది వడ్లను మంచినీళ్లతో రెండుసార్లు కడగాలి, లేకుంటే ఉప్పు మొలకను కొడుతుంది.

హాలియా_ఆయకట్టు
పచ్చగ మిగిలినవి పదకొండు మొక్కలు పీకిన. రెండో ఆకు మెడనే చూసిన.
ఏడింటికి నాలిక ఉంది, పొట్టిది, అంచు వెంట్రుకల లెక్క చీలి ఉంది. చెవులు లేవు. ఆకు సన్నగ, కాండం నున్నగ.
మూడింటికి నాలిక, చెవులు రెండూ ఉన్నయి, అచ్చం వరి.
ఒక్కదానికి ఏం లేవు.
చచ్చినవాటిల ఆరు చూసిన, ఆరింటికీ మెడ ఖాళీ.

గడ్డిపోచ
ఇంత శుభ్రంగా చూసి రాశారు, ఇక దాచేది ఏమీ లేదు. చచ్చినవి ఊద. ఆ ఏడూ లెప్టోక్లోవా చైనెన్సిస్, వేరే ప్రజాతి. కంకి వచ్చాక చూడండి, సన్నటి పోగుల్లాంటి కొమ్మలు ఎన్నో, ఎర్రటి ఛాయతో పొదలా విచ్చుకుంటాయి. బిస్పైరిబాక్ దాని మీద సరిగా పనిచేయదు. మందు తప్పు కాదు, మోతాదు తప్పు కాదు, గడ్డి వేరు. ఆ మూడు కేళీలు (వరిలో కలిసిన వేరే రకం వరి మొక్కలు) లేదా అడవి వరి. వరిని చంపని మందు వాటినీ చంపదు, చేత్తో పీకడమే.

కంకిచూపు
మెడ ఖాళీగా ఉండీ బతికిన ఆ ఒక్కటి ఊదే. మందు పడలేదేమో, లేక అప్పటికే నాలుగు ఆకులు దాటి ఉందేమో.

జూరాల_కుడికాలువ
లెప్టోక్లోవాకు సైహాలోఫాప్ బ్యుటైల్ అనే కలుపు మందు పనిచేస్తుంది, ఊద మీద కూడా. 10 శాతం ద్రావణం ఎకరాకు 250 నుంచి 300 మిల్లీలీటర్లు, 200 లీటర్ల నీటిలో. కానీ ఇది 15 రోజుల దగ్గర, గడ్డి లేతగా ఉన్నప్పుడు చెప్పిన మోతాదు. 27 రోజులకు గడ్డి దుబ్బు కట్టి ఉంటుంది, ఇప్పుడు కొడితే సగం ఫలితమే. దీన్ని 2,4-డి అనే ఇంకో కలుపు మందుతో కలిపి ఒకే ట్యాంకులో పోయొద్దు, గడ్డి మీద దీని పని తగ్గిపోతుంది. రెండూ కావాలంటే కొన్ని రోజుల ఎడం ఉండాలి.

నారుమడి
27 రోజులకు నేనైతే మనుషులను పెట్టి తీయిస్త. పూతకు ముందు ఒక్కసారి తీస్తే వచ్చే ఏటి గింజ తగ్గుతది. పీకినదాన్ని ఒడ్డు మీద పడేయొద్దు, కణుపుల దగ్గర వేరు పోసుకుని మళ్ల లేస్తది. ఎండల ఆరబెట్టాలె, లేదంటే పశువులకు వేయాలె.

మూసీ_ఒడ్డు
బిస్పైరిబాక్ కొట్టే పద్ధతి కూడా ఎవరైనా సరిగ్గా రాయండి. దుకాణంల ఒక్కొక్కరు ఒక్కో తీరు చెప్తరు.

జూరాల_కుడికాలువ
10 శాతం మందు ఎకరాకు 80 నుంచి 100 మిల్లీలీటర్లు. ఊద 2 నుంచి 4 ఆకుల మీద ఉండాలి, నాటు వరిలో అది 15 నుంచి 20 రోజుల మధ్య వస్తుంది. ముందు రోజు మడిలో నీళ్లు తీసేయాలి, గడ్డి ఆకు మొత్తం బయటపడాలి. నీళ్లలో మునిగిన ఆకు మీద మందు పడదు, అదే బతికి మిగిలేది. కొట్టిన 24 నుంచి 48 గంటల తర్వాత నీళ్లు పెట్టి, 3 నుంచి 5 సెంటీమీటర్లు వారం రోజులు నిలపాలి. నీళ్లు పెట్టడం ఆలస్యమైతే కొత్త మొలక లేస్తుంది. ఏటా ఇదొక్కటే కొడుతూ పోవద్దు. అమెరికాలోని అర్కాన్సాస్ వరి పొలాల్లో ప్రొపనిల్ అనే కలుపు మందు ఏళ్ల తరబడి కొట్టి కొట్టి, దానికి లొంగని ఊదను తయారు చేసుకున్నారు.

ఎర్రమన్ను
నారులోనే కలిసి వస్తుందన్న మాట మీద ఎవరూ ఆగలేదు. వరిని అంత పోలి ఉండడం యాదృచ్ఛికమా?

భూతద్దం10
కాదు. పంటను పోలిన కలుపును మనిషే ఎంచుకుంటాడు, తెలియకుండానే. వేరుగా కనబడిన మొక్కను ప్రతిసారీ పీకేస్తాం, వరిలా కనబడినది తప్పించుకుని గింజ రాలుస్తుంది. తరం తర్వాత తరం అదే జరిగితే కలుపు వరి రూపంలోకి వస్తుంది. రష్యన్ శాస్త్రవేత్త నికొలాయ్ వవిలోవ్ పేరు మీద దీన్ని వవిలోవ్ అనుకరణ అంటారు. చైనాలో యాంగ్జీ నది పరీవాహకంలో ఊద జన్యువులు చదివి, అక్కడ ఈ పోలిక సుమారు వెయ్యేళ్ల కింద మొదలైందని 2019లో తేల్చారు. పిలకలు విచ్చుకునే కోణం తగ్గి, వరిలా నిటారుగా మారడమే అందులో ముఖ్యమైన మార్పు. నాలిక మాత్రం రాలేదు. మన చేతికి మిగిలిన ఆధారం అదే.

డిండి_వాగు
అంటే నారు పీకేటప్పుడే పట్టుకోవాలె. ఒకసారి కట్టలోకి ఎక్కి నాటు పడితే వరస మధ్యల ఉంటది, గొర్రు పెట్టినా పోదు.

నారుమడి
అవును. నారుమడిని 15 రోజులకు ఒకసారి, పీకే ముందు ఒకసారి చూడాలె. నారు పోసే ముందు మడికి తడి ఇచ్చి 10 నుంచి 15 రోజులు వదిలి, మొలిచిన ఊదను దమ్ముల తొక్కిస్తే చాలా మటుకు తగ్గుతది.

పాలమూరు_చెలక
కంకిచూపు గారూ, పంట ఊద గురించి రాస్త అన్నరు.

కంకిచూపు
మరచిపోలేదు. ఈ ప్రజాతిలో రెండు పంటలు, రెండు వేర్వేరు చోట్ల, రెండు వేర్వేరు అడవి తల్లుల నుంచి పుట్టాయి. మన దేశంలో కొలోనా నుంచి ఫ్రుమెంటేసియా వచ్చింది. జపాన్ వైపు క్రస్‌గల్లి నుంచి ఎస్కులెంటా వచ్చింది, అక్కడ హియే అంటారు. చూడడానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి, కానీ వీటిని ఒకదానితో ఒకటి సంకరం చేస్తే పుట్టిన మొక్క గొడ్డుబోతుంది. అదే ఫ్రుమెంటేసియాను కొలోనాతో కలిపితే గింజ కడుతుంది. ఈ చుట్టరికం తేల్చింది జపాన్ శాస్త్రవేత్త యబునో. అన్నింటికీ క్రోమోజోములు 54 కావడంతో, లెక్క ఒక్కటే చూస్తే ఈ తేడా తెలియదు.

కాబట్టి దుకాణంలో ఊదల బియ్యం మడిలోని ఊద గింజ కాదు. దగ్గరి చుట్టం చెలకలోని ఒడిపిలి. పంట ఊద కంకి దట్టంగా, కొమ్మలు లోపలికి వంగి, మీసం లేకుండా ఉంటుంది, గింజ తెల్లగా ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద తేడా: పండినా రాలదు.

ఎర్రమన్ను
సామలు అంటే కూడా ఇదే అని ఉత్తరాది సంచుల మీద రాసి ఉంటుంది.

విత్తనపెట్టె
హిందీలో సావా, సమా అంటే ఊద. తెలుగులో సామ అంటే పానికమ్ సుమత్రెన్స్, ప్రజాతే వేరు. ఉపవాసాలకు అమ్మే సమా చావల్ మన సామ బియ్యం కాదు, ఊదల బియ్యం. ఉత్తరాఖండ్‌లో జంగోరా, తమిళనాడులో కుదిరైవాలి, అన్నీ ఇదే పంట. తెలుగులోనే కొన్నిచోట్ల కొడిసామ అనడంతో గందరగోళం ఇంకా పెరిగింది. విత్తనం కొనేటప్పుడు శాస్త్రీయ నామం అడగండి.

ఇంకోటి, మన దిక్కు అండుకొర్రను కూడా ఊద అని అంటగట్టేవాళ్లున్నారు. అది యూరోక్లోవా రమోసా. మెడలో వెంట్రుకల వరసలాంటి నాలిక ఉంటుంది. ఊదకు ఉండదు.

పాలమూరు_చెలక
చెలకల వేయాలంటే ఎంత విత్తనం?

విత్తనపెట్టె
వరసల్లో అయితే ఎకరాకు 3 నుంచి 4 కిలోలు. వరసల మధ్య 25 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 10. లోతు 2 నుంచి 3 సెంటీమీటర్లు దాటొద్దు, సన్న గింజ పైకి రాలేదు. విత్తనంలో సమానంగా ఇసుక కలిపితే పడడం బాగుంటుంది. 75 నుంచి 95 రోజుల పంట. రకాల్లో వీఎల్ 172, వీఎల్ 207 ఉత్తరాఖండ్ నుంచి వచ్చినవి, కో (కేవీ) 2 తమిళనాడుది. మన ఎండకు ఏది నిలుస్తుందో పాలెం పరిశోధన కేంద్రంలోనో, రాజేంద్రనగర్ చిరుధాన్యాల సంస్థలోనో అడిగి వేయండి.

జాగ్రత్త ఒక్కటి. పంట ఊద చేనులో ఒడిపిలి మొలిస్తే ఆకు దశలో విడదీయడం చాలా కష్టం, రెంటికీ నాలిక లేదు. అందుకే ఏరివేత కంకి దశలోనే చేయాలి: కంకిని అరచేతిలో తట్టండి, గింజ రాలితే అది ఒడిపిలి, దుబ్బుతో పీకేయండి. వరసలో వేస్తే వరస బయట మొలిచిందంతా ముందే పోతుంది, వెదజల్లితే ఆ అవకాశం ఉండదు.

డిండి_వాగు
ఇంతకీ ఈ ప్రజాతి మొత్తం ఏకవార్షికమేనా? చెరువుల తేలుతూ ఏడాదంతా ఉండే ఒక గడ్డి ఉంది, కంకి ఊద లెక్కనే ఉంటది.

గడ్డిపోచ
అన్నీ ఏకవార్షికాలు కావు. ఎఖైనోక్లోవా స్టాగ్నినా లోతు నీళ్లలో పెరిగే బహువార్షికం, బోలు కాండం నీటి మీద తేలుతుంది, కణుపుల నుంచి వేళ్లు వస్తాయి. దానికి మెడలో వెంట్రుకల నాలిక ఉంటుంది. నాలిక లేకపోవడం కొలోనా, క్రస్‌గల్లి, పంట ఊదలకు గుర్తు, ప్రజాతి మొత్తానికి కాదు. నా మొదటి పోస్టులో ఇది రాయకపోవడం లోపమే. మడిలోని మొక్కకు ఆ సూత్రం సరిపోతుంది, చెరువు మొక్కకు సరిపోదు. మీరు చూసినదాని నమూనా తీయగలరా?

డిండి_వాగు
తీస్త. ఎట్ల ఆరబెట్టాలె?

భూతద్దం10
వేరుతో, కంకితో కలిపి తీయండి. కణుపు దగ్గర వేళ్లుంటే అవి కూడా ఉండాలి. మట్టి కడిగి, నీళ్లు ఓడ్చి, పాత పేపర్ల మధ్య పెట్టండి. పొడుగు కాండాన్ని తుంచకుండా వి ఆకారంలోనో, ఎన్ ఆకారంలోనో మడవండి. ఒక ఆకును వెనక్కి తిప్పి పెడితే మెడ కనబడుతుంది, ఈ ప్రజాతికి అది తప్పనిసరి. మీద బరువు పెట్టి, మొదటి నాలుగు రోజులు పేపర్లు రోజూ మార్చాలి. నీటి గడ్డిలో తేమ ఎక్కువ, ఒక్క రోజు మరిచినా బూజు పడుతుంది. విడిగా నాలుగైదు చిరుకంకులు చిన్న కాగితం పొట్లంలో వేయండి. ఆరిన చిరుకంకిని తర్వాత చూడాలంటే వేడినీళ్లలో ఒక చుక్క సబ్బు వేసి అయిదు నిమిషాలు నానబెడితే పొట్టు విచ్చుకుంటుంది. నీటి లోతు, తేదీ, ఊరు, తాజా రంగు అక్కడే రాసి పెట్టండి. ఎండాక రంగు మారిపోతుంది.

కంకిచూపు
చిరుకంకి విప్పినప్పుడు లోపల రెండు పువ్వులుంటాయి. కిందిది గింజ కట్టదు, పైదే కడుతుంది. మీసం వచ్చేది కింది పువ్వు పొట్టుకు. గింజను చుట్టిన లోపలి పొట్టు గట్టిగా, మెరుస్తూ ఉంటుంది. ఇవి రాస్తే ఫొటో లేకున్నా పేరు చెప్పొచ్చు.

హాలియా_ఆయకట్టు
ఏడు లెప్టోక్లోవా, మూడు కేళీలు అని పక్క మడుల వాళ్లకు కూడా చెప్పిన. ఇయ్యాల ఎనిమిది మంది దిగి తీస్తున్నరు, ముందు మెడ వంచి చూపించిన. ఇంకో రకం దొరికింది: మెడ ఖాళీ, మొదలు తెల్లగ, కంకి అప్పుడే బయటికి వస్తుంది, మీసం గోరంత. కింది కొమ్మకు పిల్ల కొమ్మలు ఉన్నయి. చిరుకంకి స్కేలు మీద మూడున్నర మిల్లీమీటర్లు.

కంకిచూపు
క్రస్‌గల్లి. గింజ పాలు పోసుకునేలోపు తీయించండి.